బిందె మోసే నడుము, మెరెంగే అడుగు

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం జనగామ జిల్లా నర్మెట్టలో ఆట మధ్యలో ఉన్న ఏ అక్కనైనా ఆపి, "అడుగు ఎట్ల ఏస్తున్నవక్కా?" అని అడిగి చూడండి. "ఏమో, ఆడుతుంటే అదే వస్తది" అంటుంది. మరీ పట్టుబడితే కాళ్ల వంక చూసుకుంటూ చూపించబోతుంది. సరిగ్గా అప్పుడే అడుగు తప్పుతుంది. నవ్వేసి మళ్లీ వలయంలో కలుస్తుంది. కలవగానే తప్పిపోయిన అడుగు దొరుకుతుంది.

అదే అక్కకు కొన్నాళ్లకు డాక్టరు "షుగర్ అంచు మీద ఉంది, రోజూ చెమట పట్టేలా ఏదైనా చెయ్యమ్మా" అన్నాడనుకోండి. కూతురు ఫోన్ గోడకు ఆనించి జుంబా వీడియో పెడుతుంది. రెండు నిమిషాలు గడవకముందే అక్క గడప మీద కూలబడి "నాకు డాన్సు రాదు బిడ్డా" అనేస్తుంది.

బుద్ధెరిగినప్పటి నుంచి ఏటా తొమ్మిది రోజులు గంటల తరబడి తాళం తప్పకుండా ఆడిన మనిషికి డాన్సు రాకపోవడం ఏమిటి? తెరమీద కనిపించే ఆ లాటిన్ అడుగులను విడదీసి చూస్తే, వాటిలో ముప్పాతిక భాగం ఆమె ఒంట్లో ముందే ఉంది. మిగిలిన పాతికే నేర్చుకోవాలి. ఆ పాతిక ఏమిటో, అది ఒంటికి ఎట్లా పడుతుందో చూద్దాం.

జుంబా నిజానికి ఒక కంపెనీ పేరు. వనస్పతి ఏదైనా డాల్డా అయినట్టు, పాట పెట్టి చేసే కసరత్తు ఏదైనా మన దగ్గర జుంబా అయిపోయింది. దాని పుట్టుక గురించి చెప్పే కథ సరదాగా ఉంటుంది. 1990లలో కొలంబియా దేశంలోని కాలి నగరంలో ఆల్బెర్టో 'బెటో' పెరెజ్ ఏరోబిక్స్ నేర్పేవాడు. ఒకనాడు క్లాసుకు వచ్చాక చూసుకుంటే రోజూ వేసే సంగీతం టేపు లేదు. సంచిలో ఉన్న తన సొంత సాల్సా, మెరెంగే క్యాసెట్లు వేసి, అప్పటికప్పుడు తోచిన అడుగులతో క్లాసు గడిపేశాడు. వచ్చినవాళ్లకు అదే నచ్చింది. 2001లో అమెరికాలోని మయామీలో ఆల్బెర్టో పెర్ల్‌మన్, ఆల్బెర్టో అఘియాన్ అనే మరో ఇద్దరితో కలిసి కంపెనీ పెట్టాడు. ముగ్గురూ ఆల్బెర్టోలే.

ఈ కసరత్తుకు పునాది నాలుగు ఆటలు. మెరెంగే డొమినికన్ రిపబ్లిక్‌ది. కుంబియా కొలంబియా సముద్రతీరంలో పుట్టింది. సాల్సా క్యూబా పాటల నుంచి ఎదిగి 1960, 70లలో న్యూయార్క్‌లో పేరు తెచ్చుకుంది. రెగెటోన్ పనామా, ప్యూర్టో రీకో వీధుల నుంచి వచ్చింది, నాలుగింటిలోకీ చిన్నది. మెరెంగేను 2016లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవేవీ జిమ్ములో పుట్టినవి కావు. పెళ్లిళ్లలో, పండుగల్లో, వాడల్లో జనం ఆడుకున్న ఆటలు. మన కోలాటం ఎట్లాంటిదో ఇవీ అట్లాంటివే. జిమ్ము చేసిందల్లా వాటిని వరుసగా కుట్టి, మధ్యలో ఊపిరి తీసుకునే వీలు లేకుండా చెయ్యడం.

వీడియో చూసి నేర్చుకునేవాళ్లు మొదట చేతుల్ని చూస్తారు. కళ్లకు కొట్టొచ్చినట్టు కదిలేవి అవే కాబట్టి. చేతులను మొదటి వారం మరిచిపొండి. అసలు సంగతి ఒంటి బరువు. రెండు కాళ్ల మీద నిలబడ్డప్పుడు బరువు రెండు పాదాలకూ సగం సగం పంచుకుని ఉంటుంది. ఆ సగం సగం స్థితిలో ఏ కాలూ లేవదు. అడుగు వెయ్యాలంటే ముందు బరువంతా ఒక పాదం మీదికి పోవాలి, రెండోది ఖాళీ కావాలి. కదిలేది ఖాళీ కాలే. తడబడేవాళ్ల తప్పు దాదాపు ఎప్పుడూ ఇదే. బరువు మధ్యలోనే ఉంచుకుని కాలు లేపబోతారు, లేవదు, అరక్షణం ఆలస్యమవుతుంది, పాట ముందుకు పోతుంది.

డాన్సు నేర్పేవాళ్లు స్టెప్ అని ఒక మాట, టచ్ అని ఒక మాట వాడతారు. స్టెప్ అంటే బరువు ఆ కాలికి మారింది. టచ్ అంటే పాదం నేలను తాకింది కానీ బరువు పాత కాలి మీదే ఉంది. తెరమీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఒంట్లో మాత్రం చాలా తేడా ఉంది. పాదం పెట్టగానే, ఇంకేమీ జరపకుండా అదే పాదాన్ని వెంటనే లేపగలిగితే అది టచ్. లేపలేకపోతే స్టెప్. ఈ ఒక్క పరీక్ష చేతిలో ఉంటే ఏ వీడియోలోని ఏ అడుగునైనా విప్పుకోవచ్చు.

మెరెంగేతో మొదలుపెట్టమనడానికి కారణం అందులో ఈ చిక్కు లేకపోవడమే. ప్రతి దెబ్బకూ ఒక అడుగు, ప్రతి అడుగుకూ బరువు మార్పు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. బడిలో ఆగస్టు పదిహేనుకు చేసిన కవాతే. కవాతుకు లేనిది తుంటి కదలిక. దాని దగ్గరే మన ఆడవాళ్లు సిగ్గుపడి ఆగిపోతారు, "నడుము ఊపుడు మనతోని కాదు" అని.

నడుము ఊపమని ఎవరూ అడగడం లేదు. బోరింగు దగ్గర నిండు బిందె నడుముకు ఎత్తుకుని, పక్కింటి వదినెతో ముచ్చట పెడుతూ నిలబడ్డ మనిషిని గుర్తు తెచ్చుకోండి. బిందె ఉన్న వైపు కాలు నిటారుగా ఉంటుంది. రెండో కాలు మోకాలి దగ్గర వదులుగా, కాస్త వంగి ఉంటుంది. నిటారు కాలి వైపు తుంటి దానంతట అదే బయటికి వచ్చి బిందెకు పీటలా నిలుస్తుంది. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి నిలుచునేదీ ఇట్లాగే. మెరెంగే తుంటి అంటే ఇదే. బిందెను ఒక దెబ్బకు ఈ పక్కకు, మరో దెబ్బకు ఆ పక్కకు మార్చుకుంటున్నట్టు.

ఇందులో పనిచేసే సూత్రం కావడి బద్దది. కటి ఎముక రెండు కాళ్ల మీద ఆనించిన బద్ద లాంటిది. ఒక కాలు మోకాలి దగ్గర వంగితే ఆ వైపు ఆధారం పొట్టిదవుతుంది, బద్ద అటు వాలుతుంది. రెండో వైపు పైకి, పక్కకు పోతుంది. మోకాళ్లు వంతులవారీగా వంగి నిటారైతే చాలు, తుంటి ఫలితంగా వస్తుంది. తుంటిని నేరుగా ఊపబోతేనే నడుం పట్టేస్తుంది. ఒంటికాలి మీద నిలిచినప్పుడల్లా బద్ద మరీ వాలకుండా పట్టి ఉంచేది తుంటి పక్కనున్న కండరం. కూర్చుని పనిచేసేవాళ్లలో అది మెత్తబడుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు, బురదలో నడిచేటప్పుడు కాపాడేదీ అదే.

మెరెంగే కాలు ఎందుకు ఈడుస్తుందో చెప్పే కథ ఒకటుంది. యుద్ధంలో కాలు దెబ్బతిన్న వీరుడి గౌరవార్థం ఊరంతా కుంటుతూ ఆడిందట. కుంబియాలో కాలు ఈడ్చడానికి బానిసల సంకెళ్లు కారణమని ఇంకో కథ. నేను వీటిని కథలుగానే చెబుతున్నాను. జుంబా క్లాసులో కుంబియాకు వాడే ఒక అడుగును నిద్రపట్టిన కాలు అంటారు. ఒక కాలు తిమ్మిరెక్కినట్టు వెనక లాగుతూ, రెండోదానితో ముందుకు నడవడం. చెరుకు నరికినట్టు చెయ్యి విసిరే అడుగు ఇంకొకటి. కొడవలి పట్టిన చేతికి దాన్ని నేర్పనక్కర్లేదు.

సాల్సా దగ్గర లెక్క మారుతుంది. ఎనిమిది దెబ్బలకు ఆరే అడుగులు. ఒకటి, రెండు, మూడు, ఆగు. ఐదు, ఆరు, ఏడు, ఆగు. ఎడమ కాలు ముందుకు, బరువు వెనక ఉన్న కుడి మీదికి, ఎడమ వెనక్కి వచ్చి పక్కన చేరుతుంది, ఒక దెబ్బ ఖాళీ. ఆ తర్వాత కుడి కాలు వెనక్కి, బరువు ముందున్న ఎడమ మీదికి, కుడి పక్కకు చేరుతుంది, మళ్లీ ఖాళీ. ఆ ఖాళీ దెబ్బ ఎందుకు? బేసి సంఖ్య కోసం. నాలుగు అడుగులు వేస్తే ప్రతిసారీ ఎడమ కాలితోనే మొదలవ్వాలి. మూడు వేస్తే మొదటిసారి ఎడమ, రెండోసారి కుడి. అప్పుడే ఆట ముందుకూ వెనక్కూ ఊయలలా ఊగుతుంది. ఖాళీ దెబ్బలో కాళ్లకు పని లేదు, తుంటి స్థిరపడడానికి అదే సమయం. కొత్తవాళ్లు ఆ ఖాళీని భరించలేరు. ఏదో ఒక అడుగు ఇరికిస్తారు. దాంతో తర్వాతి మొదటి అడుగుకు తప్పు కాలు వస్తుంది. వంట చేసేటప్పుడు "త-కి-ట-ఆ, త-కి-ట-ఆ" అనుకుంటూ ఉంటే పది రోజుల్లో పడుతుంది.

తకిట అన్నాను కదా, అక్కడే నాకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఉంది. సాల్సా పాటల వెనక క్లావే అనే రెండు చిన్న కర్రల దరువు వినిపిస్తుంది. ఎనిమిది దెబ్బలను సగాలు చేస్తే పదహారు ముక్కలు. ఆ పదహారులో క్లావే ఐదు చోట్లే మోగుతుంది: 1, 4, 7, 11, 13. అంకెల్లో చూస్తే పజిల్‌లా ఉంటుంది. మన తాళం మాటల్లో పెట్టి చూడండి: తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి. ప్రతి మాట మొదటి అక్షరం మీద చప్పట్లు కొడితే అదే క్లావే. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు. మృదంగం దగ్గర కూర్చున్న పిల్లవాడు ఒక్కసారికి పట్టేస్తాడు.

రెగెటోన్ ఇంకా తేలిక. తకిట, తకిట, తక. ఎనిమిది ముక్కలు, మూడు చప్పట్లు. కాళ్లు మాత్రం సమంగా నాలుగు అడుగులు వెయ్యాలి. మొదటి చప్పట మొదటి అడుగుతో పడుతుంది. రెండోది రెండో అడుగుకూ మూడో అడుగుకూ నట్టనడుమ పడుతుంది. మూడోది నాలుగో అడుగు మీద. ఆ మధ్యలో పడే చప్పటే మొత్తం ఊపుకు కారణం. కాళ్లు ఒక మాట చెబుతాయి, చేతులు కొంచెం పెడసరంగా ఇంకో మాట చెబుతాయి, రెండూ చివరికి కలుస్తాయి.

ఈ పెడసరపు దరువులు ఆఫ్రికావి. బానిసలుగా ఓడల్లో తరలించిన మనుషులతో పాటు అట్లాంటిక్ దాటి క్యూబాకు, కరీబియన్ దీవులకు చేరాయి. హైదరాబాదుకు కూడా ఆఫ్రికా మనుషులు వచ్చారు. నిజాం సైన్యంలో సిద్దీల అశ్వదళం ఉండేది, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అంటున్నది ఆ పేరునే. సిద్దీలు, యెమెన్ ప్రాంతపు అరబ్బులు తెచ్చిన మర్ఫా వాద్యం పెళ్లి బరాత్‌లలోకి, అక్కడి నుంచి తీన్మార్ పేరుతో తెలంగాణ ఊరూరికీ పాకింది. గణపతి నిమజ్జనంలో తీన్మార్ పడగానే కుర్రాళ్ల భుజాలు ఎట్లా లేస్తాయో తెలుసు కదా. రెగెటోన్, తీన్మార్ ఒకటేనని నేను అనడం లేదు. ఒకే ఖండం నుంచి రెండు దిక్కులకు పోయిన మనుషుల చేతుల్లో పెరిగిన దరువులు, అంతే. అందుకే మొదటిసారి విన్నా పరాయిగా అనిపించవు.

వినగానే ఒళ్లు కదలాలనిపించడం ఊరికే జరిగేది కాదు. 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ అనే శాస్త్రవేత్తలు మనుషుల్ని స్కానర్‌లో కదలకుండా పడుకోబెట్టి దరువులు వినిపించారు. తాళం స్పష్టంగా తెలిసే దరువు విన్నప్పుడు మెదడులో కదలికలను సిద్ధం చేసే భాగాలు, ముఖ్యంగా బేసల్ గాంగ్లియా, చురుకయ్యాయి. చెవి విన్నది, కాలు కదలలేదు, అయినా మెదడు లోపల అడుగు పడుతూనే ఉంది. అంతకు ముందు ఏడాది ఇంకో బృందం టాంగో ఆడేవాళ్లను స్కానర్‌లో వెల్లకిలా పడుకోబెట్టి, ఏటవాలు పలక మీద కాళ్లతోనే అడుగులు వేయించింది. నెత్తి వెనక భాగంలో, కళ్లతో చూడకుండానే కాలు ఎక్కడుందో లెక్కగట్టే చోటు వెలిగింది. బతుకమ్మ ఆడే మనిషి కాళ్ల వంక చూడనక్కర్లేకపోవడం వెనక ఉన్నది ఇట్లాంటి లెక్కే.

మరి చూసుకుంటే ఎందుకు తప్పుతుంది? పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో ఏ నైపుణ్యమైనా మూడు దశల్లో వస్తుందన్నారు. మొదట ఆలోచించి చేస్తాం. తర్వాత తప్పులు తగ్గుతూ వస్తాయి. చివరికి ఆలోచన లేకుండానే జరుగుతుంది. మూడో దశకు చేరిన పనిని మళ్లీ మొదటి దశలోలా ఆలోచించి చెయ్యబోతే అది చెదిరిపోతుంది. పొలం గట్టు మీద పరుగులాంటి నడకతో పోయే మనిషిని ఆపి, ఏ కాలు ముందని అడిగితే ఇంతే. మన అక్క బతుకమ్మలో మూడో దశలో ఉంది. జుంబాలో మొదటి దశలో ఉంది. "నాకు రాదు" అన్నప్పుడు ఆమె పోల్చుకున్నది తన మొదటి రోజును తెరమీది పిల్ల పదో ఏడుతో. ఇంకా నిజం చెప్పాలంటే తన మొదటి బతుకమ్మ ఎట్లా ఉండిందో ఆమెకు గుర్తులేదు. అమ్మ కొంగు పట్టుకుని, చప్పట తప్పుతూ, తప్పినా ఎవరూ ఏమీ అనని మొదటి బతుకమ్మ.

మొదటి దశ త్వరగా దాటడానికి మెదడు శాస్త్రం చెప్పే చిట్కాలు కొన్ని ఉన్నాయి. ఒకటి మనసుకు కొంచెం విరుద్ధంగా ఉంటుంది. జాన్ షియా, రాబిన్ మోర్గన్ 1979లో చేతి కదలికలతో చేసిన ప్రయోగంలో, ఒకే కదలికను వరుసగా చేసినవాళ్లు ఆ పూటకు బాగా చేశారు. కదలికలను కలగలిపి సాధన చేసినవాళ్లు ఆ పూట తడబడ్డారు, కానీ తర్వాత పరీక్షిస్తే వాళ్లకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి మెరెంగే వారమంతా మెరెంగే, సాల్సా వారమంతా సాల్సా అని పెట్టుకోవద్దు. ఒక పాట ఇది, ఒక పాట అది. రెండోది నిద్ర. 2002లో మాథ్యూ వాకర్ బృందం వేళ్లతో ఒక వరుసను తట్టడం నేర్పింది. రాత్రి నిద్రపోయి లేచాక, మళ్లీ సాధన లేకుండానే, వేగం 20 శాతం దాకా పెరిగింది. మెలకువగా గడిపిన అన్నే గంటలకు అట్లాంటి లాభం రాలేదు. వేళ్ల లెక్కను కాళ్లకు యథాతథంగా అంటగట్టలేం గానీ, సాయంత్రం రాని అడుగు తెల్లారేసరికి వచ్చేయడం చాలామందికి అనుభవమే.

తెర సంగతి వేరే. తెరమీది మనిషి మనకు ఎదురుగా నిలబడతాడు. అతని కుడి మన ఎడమ వైపు కనిపిస్తుంది. కొందరు నేర్పేవాళ్లు అద్దంలా తిప్పి చేస్తారు, కొందరు చెయ్యరు. వీడియో మారినప్పుడల్లా మెదడు కొత్తగా తర్జుమా చేసుకోవాలి. బతుకమ్మ వలయంలో ఈ గొడవ లేదు. పక్కనున్న మనిషి ఎడమ కాలు నా ఎడమ కాలి వైపే ఉంటుంది. ఎదురుగా, పూలకు ఆవలి వైపున్నవాళ్లే అద్దంలో బొమ్మలు. పిల్లలు ఎవరిని చూసి నేర్చుకుంటారో గమనించండి. ఎదురు మనిషిని కాదు, పక్క మనిషిని, అదీ కళ్ల కొసతో. వీడియో తప్పనిసరైతే నేర్పే మనిషి వీపు మనవైపు ఉన్నదాన్ని ఎంచుకోండి, వేగం 0.75కు తగ్గించండి.

ఇక చెమట లెక్క. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు లా క్రాస్ ప్రాంగణంలో 19 మంది యువతులు జుంబా చేస్తుండగా కొలిచారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం నిమిషానికి సగటున 9.5 కిలోక్యాలరీలు ఖర్చయ్యాయి. క్లాసు మొత్తానికి 369. గుండె వేగం గరిష్ఠంలో 80 శాతం దగ్గర ఉంది. ఇది గట్టి కసరత్తే. కానీ ఆ 369ని అన్నంలోకి మార్చి చూడండి. ఉడికిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130 కిలోక్యాలరీలు. మూడు వందల గ్రాముల కంచం అన్నంతో చెల్లు. "గంట ఆడిన కదా" అని రెండు ముద్దలు ఎక్కువ తింటే తూకం కదలదు. చెమట ఒళ్లు చల్లబరుచుకునే పద్ధతి, కొవ్వు కరిగి కారేది కాదు. జనగామ ఎండల్లో కూర్చున్నా అది కారుతుంది.

తూకం కదలకపోయినా షుగర్ కదులుతుంది. కండరం పనిచేస్తున్నంతసేపు రక్తంలోని గ్లూకోజును లోపలికి లాక్కోవడానికి ఇన్సులిన్ అనుమతి కోసం ఎదురుచూడదు. గ్లట్-4 అనే ద్వారాలు కండరపు పనికే కణం అంచుకు వచ్చి తెరుచుకుంటాయి. ఒంట్లో అన్నిటికంటే పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. మోకాలు ఎంత వంచి ఆడితే అవి అంత పనిచేస్తాయి. అందుకే నిటారు కాళ్లతో చేతులు ఊపడం కంటే, మోకాళ్లు వంచి ఆడడం మేలు. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి, దగ్గర బెల్లం ముక్కో గ్లూకోజో ఉంచుకోవాలి.

ఎంత గట్టిగా ఆడుతున్నామో తెలుసుకోవడానికి చేతి గడియారాలు అక్కర్లేదు. మాట్లాడగలుగుతున్నా పాడలేకపోతే అది మోస్తరు శ్రమ. రెండు మాటలకే ఊపిరి అందకపోతే గట్టి శ్రమ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి మోస్తరైతే 150 నుంచి 300 నిమిషాలు, గట్టిదైతే 75 నుంచి 150 నిమిషాలు చెయ్యమంది. ఈ కొలతను బతుకమ్మకు పెట్టి చూస్తే ఒక ముచ్చట బయటపడుతుంది. ఆడుతున్నవాళ్లే పాడాలి కాబట్టి ఆట ఎప్పుడూ గొంతుకు మించి పోదు. ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్లు "ఉయ్యాలో" అనేసరికి పాడిన మనిషికి ఊపిరి దొరుకుతుంది. పాట ఆటకు బ్రేకులా పనిచేస్తుంది. అందుకే డెబ్భై ఏళ్ల అవ్వ కూడా పదేళ్ల పిల్ల పక్కన ఆడగలదు.

ఈ మధ్య ఊళ్లలో డీజే బాక్సులు వచ్చి పాట మనిషి గొంతు నుంచి పెట్టెలోకి పోయింది. పెట్టెకు ఊపిరి ఆడాల్సిన పని లేదు. వేగం పెరిగింది, అడుగు గెంతు అయింది. పెద్దవాళ్లు "ఇదేం బతుకమ్మ" అని గొణుగుతారు, నేనూ వాళ్ల వైపే. అయితే శరీరశాస్త్రం ప్రకారం జరిగిందేమిటంటే, బ్రేకు తీసేశాక బతుకమ్మ జుంబా అయింది. పాడనక్కర్లేని ఆటలోనే గుండె 80 శాతం చూస్తుంది.

గెంతుల దగ్గర మోకాళ్ల సంగతి చెప్పాలి. నడిచేటప్పుడు పాదం మీద పడే తాకిడి ఒంటి బరువు కంటే కాస్త ఎక్కువ. పరుగులో రెండు మూడు రెట్లు. తేడా అంతా ఒక పాదమైనా నేల మీద ఉందా, రెండూ గాల్లో లేచాయా అన్నదే. జిమ్ము భాషలో లో ఇంపాక్ట్, హై ఇంపాక్ట్ అంటారు. ఈ విభజన మనకు పాతదే. నాట్యశాస్త్రం కాలి కదలికలను చారులని పిలిచి, నేల విడవని భౌమచారులు 16, గాలిలోకి లేచే ఆకాశచారులు 16 అని లెక్కపెట్టింది. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దం నడుమ రాసిన నృత్త రత్నావళిలో శాస్త్రం చెప్పిన మార్గ పద్ధతితో ఆగకుండా జనం ఆడే దేశి ఆటలకూ చోటిచ్చాడు. పేరిణి, రాసకం, కర్రలతో ఆడే దండరాసకం, చిందు అందులో ఉన్నాయి. ములుగు దాటి రామప్ప గుడికి వెళితే, స్తంభాల మీద ఆడుతున్న బొమ్మల రాతి మోకాళ్లు ఎంత లోతుగా వంగి ఉన్నాయో కనిపిస్తుంది. ఏనుగుల దళం నడిపిన మనిషి అడుగుల పుస్తకం రాయడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. 

మోకాలికి గెంతు కంటే మెలి ప్రమాదం. మోకాలు తలుపు బందు లాంటిది, ముందుకూ వెనక్కూ వంగడానికే పుట్టింది, తిరగడానికి కాదు. సిమెంటు నేల మీద ఉత్తకాళ్లతో ఆడుతుంటే చెమట పాదం నేలకు అంటుకుపోతుంది. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. మధ్యలో మోకాలు ఆ మెలి అంతా భరించాలి. తిరిగేటప్పుడు మడమ లేపి మునివేళ్ల మీద తిరగడం, లేదా తిరగకుండా నాలుగు చిన్న అడుగులుగా చుట్టి రావడం మంచిది. రెండోదే బతుకమ్మ పద్ధతి. వలయంలో ఎవరూ గిరుక్కున తిరగరు, అడుగడుగుగా చుట్టు పూర్తవుతుంది. ఒకప్పటి పేడతో అలికిన వాకిలి కొంచెం దిగేది, జారేది. ఇప్పటి సిమెంటు, టైల్సు అట్లా కావు. వీలైతే మట్టి మీద, లేకపోతే అడుగు భాగం మరీ పట్టని బూట్లతో ఆడండి. స్లిప్పర్లు వద్దు. మార్చి దాటాక ఎండలు కాబట్టి పొద్దున్నే, లేదా పొద్దు కుంగాకే ఆడండి.

చివరిగా బ్రెజిల్ నుంచి ఒక ప్రయోగం. అమెజాన్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న మరజో దీవిలో, బ్రాన్విన్ టార్, రాబిన్ డన్‌బార్ తదితరులు 264 మంది హైస్కూలు విద్యార్థుల చేత చిన్న గుంపుల్లో డాన్సు చేయించారు. కొన్ని గుంపులు ఒకే అడుగును ఒకేసారి వేశాయి, కొన్ని తలో రకంగా. కొందరివి ఒళ్లు అలిసే అడుగులు, కొందరివి కూర్చుని చేసే తేలిక కదలికలు. ముందూ తర్వాతా బీపీ చూసే పట్టీని చేతికి బిగించి, ఎంత నొప్పి ఓర్చుకోగలరో కొలిచారు. శ్రమ ఓర్పును పెంచింది. కలిసి ఆడడం కూడా, శ్రమతో సంబంధం లేకుండా, విడిగా పెంచింది. తోటివాళ్ల మీద దగ్గరితనమూ పెరిగింది. 2015లో ఈ ఫలితాలు వచ్చాయి. గడప మీద కూలబడ్డ మన అక్కకు ఆ ఫోన్ ఇవ్వలేనిది ఇదే. గోడ ముందు ఆమె ఒక్కతే.

కాబట్టి ఫోన్‌ను గోడ దగ్గర నుంచి తియ్యండి. వాడలో నలుగురు చాలు, అక్క, వదినె, కూతురు, అవ్వ. వలయంగా నిలబడి నడుమ పీట వేసి, బతుకమ్మను పెట్టే చోట ఫోన్ వెల్లకిలా పెట్టండి. తెర ఎవరికీ కనబడదు. కనబడనక్కర్లేదు, దరువు వినబడితే చాలు. మొదటి పాటకు బిందె ఈ పక్క, బిందె ఆ పక్క. రెండో పాటకు త-కి-ట-ఆ. అవ్వ మూడో పాటకు చప్పట ఒకటి ఎక్కువ కొడుతుంది, ఎక్కడ కొట్టాలో ఎవరూ చెప్పకుండానే. అది రెండో అడుగుకూ మూడో అడుగుకూ నట్టనడుమ పడుతుంది.